డాక్టరమ్మతో ఆడిన బేరం

డాక్టరమ్మ దగ్గర బేరమాడి మందు తగ్గించుకొచ్చిన మొనగాణ్ని నేను. నాలాంటివాడు మా రేపల్లె బజారులో ఇంకొకడు లేడు. ఆ గొప్ప ఎవరికీ చెప్పుకోలేక ఇన్నేళ్లు మోశాను. మీకు చెబుతున్నాను.

మాది ఇత్తడి సామాన్ల కొట్టు. చెప్పిన ధరకు ఒప్పుకోవడం మా ఇంట్లో ఎవరూ ఎరుగరు. అరవయ్యో దశకం చివర, నా భార్యకు మూడో నెల. చిన్నప్పటి నుంచే ఆమెకు చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ సూది నేనే వేసేవాణ్ని. మంచులో పాసింజరు రైలెక్కి తెనాలిలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. కోతలైన చేలు ఆమె కలలోవేమో అన్నట్టు మెల్లగా వెనక్కి జారిపోయాయి.

"ఇరవై ఎనిమిది యూనిట్లంటే ఎక్కువండి, కాస్త చూసి చెప్పండమ్మా" అన్నాను, చెంబు బేరమాడినట్టే.

డాక్టరమ్మ నవ్వారు. "పొద్దున్నే చెమటలు పట్టేస్తున్నాయంటోందిగా, ఇరవై నాలుగు చాల్లే. ఆరో నెల నుంచి మాత్రం పెంచాలి నాయనా. అప్పుడు నీ బేరాలు కుదరవు."

నాకు మొదటి మాటే వినిపించింది. గెలిచాననుకున్నాను. తొలి నెలల్లో ఒంటికి తక్కువ మందే సరిపోతుందనీ, నెలలు పెరిగేకొద్దీ ఎక్కువ కావాలనీ, ఆవిడ తగ్గించింది నా నోటికి జడిసి కాదనీ చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆరో నెలలో ముప్ఫై ఆరు అన్నారు. తగ్గించినదంతా మళ్లీ కలిపేస్తున్నారనుకున్నాను. తలూపి ఇంటికొచ్చి ఇరవై నాలుగే వేశాను. రోజూ.

పొద్దున్నే గాజు గొట్టంలో నీలి మందు పోసి, ఆమె మూత్రం చుక్కలు కలిపి, దీపం మీద కాచేవాణ్ని. నీలం ఆకుపచ్చయ్యేది, పసుపయ్యేది, చివరికి ఇటుకరంగుకు తిరిగేది. సూర్యోదయంలా ఉండేది. చక్కెర ఎక్కువైతేనే అంత ఎరుపని నాకు తెలియదా? తెలుసు.

"ఏ రంగొచ్చిందండీ?" అని వంటింట్లోంచి అడిగేది.

"ఆకుపచ్చే."

డాక్టరమ్మకూ అదే చెప్పాను. ఎందుకు? ఒకసారి గెలిచిన బేరంలో ఓడిపోవడం చేతకాక. ఇంతకంటే మంచి కారణం వెతికాను. దొరకలేదు.

ఎనిమిదో నెలలో బాపట్ల నుంచి ఆమె అక్క మామిడిపళ్లు పంపింది. ఆ వారమే కడుపులో కదలిక ఆగిపోయింది. మగపిల్లవాడు. ఊపిరి లేకుండా పుట్టాడు.

"మీకు చెప్పకుండా ఒక్క ముక్క తిన్నానండీ. దానివల్లేనా?" అంది.

"పోనీలేవే, అయిపోయిందిగా" అన్నాను.

విన్నారా? నేను ఆమెను క్షమించాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ తరువాత పదేళ్లు బతికింది, మామిడిపండు ముట్టలేదు. వేసవిలో పళ్ల బుట్టలు ఎదురైతే తల తిప్పుకునేది. నేను పక్కనే నడిచేవాణ్ని.

పూర్తి మందు వేసుంటే వాడు బతికేవాడా? తెలియదు. ఆ మాట చాటున దాక్కోను. చెప్పేశాను, ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

ఇక లెక్క. ఆమె వంతు, ఒక మామిడి ముక్క. నా వంతు, రెండు నెలల పైన రోజుకు పన్నెండు యూనిట్లు, ఒక పిల్లవాడు, పదేళ్లపాటు ఆమె తినని పళ్లన్నీ.