అమ్మ: గదిలో

కాకినాడలో పుట్టి, పాలు మానిన నాటి నుంచి రొయ్యలు తిన్నదాన్ని. నలభై ఒకటో ఏట అవే నా మీద పగబట్టాయి. సింగపూర్‌లో, యూ టీ పేటలో మా అపార్ట్‌మెంట్ బ్లాకు కింద హాకర్ తిండి కొట్టు దగ్గర ఒక ఆదివారం నూడుల్స్ తింటుంటే పెదవులు బూరెల్లా పొంగాయి, గొంతు పూడుకుపోయింది. అంబులెన్సులో వెళ్ళి ప్రాణం దక్కించుకున్నాక డాక్టరు తేల్చి చెప్పాడు. రొయ్య, పీత, వాటి పొడి, వాటి ముద్ద, ఏదీ ఇక ఈ జన్మకు లేదు. మా అత్తగారు ఫోన్లో నమ్మలేదు. "గోదారి పిల్లవి, నీకు రొయ్యలు పడకపోడమేంటమ్మా! దిష్టి తగిలుంటాది" అని ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీయించుకోమన్నారు. తీయించుకున్నాను. రొయ్యలు మాత్రం లొంగలేదు.

రెండేళ్ళు ఏ ఊరికీ ప్రయాణం పెట్టుకోలేదు. మొన్న జూన్ సెలవులకు థాయ్‌లాండ్ వెళ్దామని మా ఆయన అన్నారు. జురాంగ్ ఐలాండ్‌లో కెమికల్ ప్లాంటులో పనిచేసే మనిషి, ప్రమాదం రాకముందే కాగితం మీద దారి వెతకడం ఆయన ఉద్యోగం. "ప్లాన్ ఉంటే భయమెందుకే" అన్నారు.

నేనూ ఊరుకోలేదు. నెల రోజుల పాటు హోటళ్ళకు మెయిళ్ళు రాశాను. ఆఫీసులో ఒక థాయ్ అమ్మాయి చేత 'రొయ్య తగిలితే నేను చచ్చిపోతాను' అని వాళ్ళ భాషలో రాయించి నాలుగు కార్డులు చేయించుకున్నాను. ఆ ముక్క పలకడం అద్దం ముందు నేర్చుకున్నాను. బల్ల దగ్గర మా ఆయనతో, పిల్లలతో కూర్చుని ఒక అరటిపండు తిన్నా చాలు, వాళ్ళ నవ్వుల మధ్య నేనూ ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఒక శనివారం పొద్దున ఇడ్లీలు తింటుండగా పదిహేనేళ్ళ మా అమ్మాయి లాప్‌టాప్ నా వైపు తిప్పింది. ప్రయాణం పట్టిక తనే తయారుచేసింది. ప్రతి పూటకూ ఒక గడి, ప్రతి మనిషికీ ఒక రంగు. నాలుగు సాయంత్రాలకూ వాళ్ళ ముగ్గురికీ సీఫుడ్ మార్కెట్, బీచ్ బార్బెక్యూ అని ఏవేవో ఉన్నాయి. నా రంగులో నాలుగు చోట్లా ఒకటే మాట ఉంది. 'అమ్మ: గదిలో.'

"నీకోసం సీ వ్యూ రూమ్ రిక్వెస్ట్ చేశా అమ్మా. రైస్ కుకర్ తీసుకెళ్దాం. నువ్వు సేఫ్ లా" అంది, ఇక్కడి పిల్లల యాసలో.

"నేనూ వస్తానే. కార్డులున్నాయిగా. ఏమీ తినను, ఊరికే కూర్చుంటాను."

పదకొండేళ్ళ మావాడు తలెత్తకుండానే అన్నాడు. "ఎవ్రీ టైమ్ సేమ్. నువ్వు వెయిటర్‌ని అడుగుతూనే ఉంటావు, దెన్ నోబడీ కెన్ ఈట్."

"రొయ్యలు ఉడికే ఆవిరి తగిలినా నీకు పడదు కదే" అన్నారు మా ఆయన మెల్లగా.

ఆయన చెప్పింది నిజమే. అందుకే ఒళ్ళు మండింది. వాళ్ళేదో దుర్మార్గం చేసుంటే పోట్లాడి ఉండేదాన్ని. సముద్రం కనిపించే కిటికీ కూడా చూసి పెట్టి మరీ నన్ను పక్కన కూర్చోబెడుతుంటే ఏమని పోట్లాడను?

ఆ మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఆ పట్టిక తెరిచాను. నాలుగో సాయంత్రం గళ్ళు నాలుగూ చెరిపేసి, 'అందరూ గదిలో. పెరుగన్నం' అని రాశాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అమ్మే అడగాల్సి వస్తే ఏం చేయాలో ఆ సామెతలో లేదు.

మర్నాటికి ఆ గడి పక్కన మా అమ్మాయి రాసింది, "కంపల్సరీ ఆ?"

"అవును" అని కొట్టాను.

థాయ్‌లాండ్‌లో మొదటి మూడు సాయంత్రాలూ పట్టిక ప్రకారమే గడిచాయి. బాల్కనీలో కూర్చుని ముద్దపప్పు అన్నం తింటూ ఫోనుకు వచ్చే ఫోటోలు చూశాను. వాళ్ళు తిరిగొచ్చి, పళ్ళు తోముకుని, స్నానాలు చేశాకే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. నా మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను.

నాలుగో రోజు పెరుగన్నంలో ఇంటి నుంచి తెచ్చిన తాలింపు కలిపి, మాగాయ పక్కన పెట్టి, నాలుగు కాగితం ప్లేట్లలో వడ్డించాను. ముగ్గురూ మంచం మీద వరసగా కూర్చున్నారు. "బావుంది" అన్నారు మా ఆయన. పిల్లలు ఫోన్లు ముట్టుకోలేదు. ముట్టుకోవద్దని ముందే చెప్పుకున్నట్టున్నారు. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ నవ్వలేదు. పది నిమిషాల్లో ప్లేట్లు ఖాళీ అయ్యాయి, అయినా ఎవరూ లేవలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు వెంటనే లేస్తే బాగుండదని కాసేపు కూర్చుంటారే, అలా కూర్చున్నారు. బాల్కనీలో గడిపిన మూడు సాయంత్రాల్లోనూ నాకు అంత ఒంటరిగా అనిపించలేదు.

"ఇక వెళ్ళండి, మార్కెట్ కట్టేస్తారు" అన్నాను.

"ఆర్ యూ షూర్, అమ్మా?" అంది మా అమ్మాయి.

మా ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.