కెమెరా ఆపుతానన్న మాట

అక్టోబరు రెండో ఆదివారం, అమెరికాలో క్యారీ ఊరు. ఆరాధన తరువాత సాక్ష్యానికి కూర్చున్నవారు: పాస్టరు గారు, మా సంఘపెద్ద, నేను, నా భార్య, ఎప్పుడూ వచ్చే కుటుంబాలు, హోండురాస్ నుంచి వచ్చిన ఆమె.

మా తెలుగు సంఘానికి సొంత భవనం లేదు. పొద్దున స్పానిష్ వాళ్లు ఆరాధించుకునే చర్చిలోనే మధ్యాహ్నం మేం అద్దెకు కూడుకుంటాం. ఆమె ఆ స్పానిష్ సంఘం మనిషి. నా భార్యకు మోకాలి ఆపరేషన్ అయ్యాక సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే మా ఇంటికి వచ్చి సాయం చేసేది. మా ఇంట్లో విని నేర్చుకున్న తెలుగు రెండే ముక్కలు: "అమ్మా, లెండి", "అమ్మా, చాలు". వ్యాయామం చేయించేటప్పుడు మొదటిదే ఎక్కువ వాడేది. సొంత కోడలు కూడా తనతో ఇంత గట్టిగా మాట్లాడదని నా భార్య నవ్వేది.

ఆమె భర్త హోండురాస్‌లో సిటీ బస్సు నడిపేవాడు. ఆ ఊళ్లో బస్సుల దగ్గర ముఠాలు వారం వారం మామూళ్లు వసూలు చేస్తాయి. ఒక వారం ఇవ్వలేదని అతన్ని సీట్లోనే కాల్చేశారు. కాల్చినవాణ్ణి ఈమె చూసింది. పోలీసులకు చెప్పింది. ఆ మర్నాటి నుంచి బెదిరింపులు. ఎలాగో ఇక్కడికి వచ్చి అసైలం, అంటే ఈ దేశంలో ఆశ్రయం, కోరింది. కూతురు మాత్రం అక్కడే, తన అక్క దగ్గర ఉండిపోయింది. తల్లి నోరు మూసుకుని ఎటో పోయిందని ముఠా అనుకున్నంతవరకే ఆ పిల్ల క్షేమం. ఈ సంగతి లాయరు కూడా గట్టిగా హెచ్చరించింది.

కేసు విచారణ మరుసటి నెలలో. ఆమెను ఎరిగినవాళ్లు కోర్టుకు ఉత్తరాలు రాసిస్తే మేలని లాయరు చెప్పింది. నేను సంఘపెద్దతో మాట్లాడాను. ఆమె వచ్చి సాక్ష్యం చెబితే విన్నవాళ్లందరూ రాస్తారని ఆయనే సలహా ఇచ్చాడు. మా ఆరాధన ప్రతివారం యూట్యూబ్‌లో లైవ్ వెళుతుంది కాబట్టి ఆమె చెప్పేటప్పుడు కెమెరా ఉండకూడదని నేను ఒక్క షరతు పెట్టాను.

"లైవ్ ఆపేస్తాను అన్నా, నా మీద వదిలేయండి" అన్నాడు.

వదిలేశాను. ఇరవై ఏళ్ల స్నేహం మాది. ఒకే ఫార్మా కంపెనీలో పనిచేశాం. ఆయన ప్రొడక్షన్, నేను క్వాలిటీ. నా భార్య ఆపరేషన్ రోజున హాస్పిటల్లో నా పక్కన కూర్చున్నది ఆయనే. ఆ మాటనే నేను ఆమెకు నా మాటగా చెప్పాను. కెమెరా ఉండదు, భయం లేదని.

ఆ ఆదివారం ఆమె ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. నేను పక్కన నిలబడి వాక్యం వాక్యం తెలుగు చేశాను. ఆమె మొదలుపెట్టకముందు సంఘపెద్ద వెనక్కి నడిచి స్క్రీన్ ఆర్పడం నా కళ్లతో చూశాను. చివర ఆమె స్పానిష్‌లో ప్రార్థన చేసింది. అది నేను తెలుగు చేయలేదు. అందులో కూతురి పేరు, ఊరి పేరు ఉన్నాయని మాత్రం అర్థమైంది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. భోజనాల దగ్గర చాలామంది ఆమె చేతులు పట్టుకుని ఉత్తరాలు రాస్తామన్నారు. బిర్యానీలో గిన్నెడు పెరుగు కలుపుకుని తిని, ఆమె సంతోషంగానే ఇంటికి వెళ్లింది.

సాయంత్రం కాఫీ తాగుతుంటే సంఘం వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. పైన ఆమె ముఖం, కింద పసుపు రంగు అక్షరాలు: "హంతకుల ముఠా నుంచి విడిపించిన దేవుడు". పంపింది సంఘపెద్దే. మాకు అద్దెకిచ్చిన స్పానిష్ సంఘానికి కూడా పంపాడట. వాళ్లు మా సహోదరి అంటూ మురిసిపోయి నలుగురితోనూ పంచుకున్నారు.

సంఘపెద్దకు ఫోన్ చేశాను.

"లైవ్ ఆపానా లేదా? ఆపాను. రికార్డింగ్ ఆపుతానని నేనన్నానా అన్నా?"

ఆ పిల్ల సంగతి గుర్తుచేశాను. తెలుగు చర్చి వీడియో హోండురాస్‌లో ఎవడు చూస్తాడని నవ్వాడు. ఇండియా నుంచి ఎన్ని ఫోన్లు వస్తున్నాయో, ఎంతమంది కదిలిపోయారో చెప్పాడు. తీసేయాలంటే బుధవారం కమిటీలో పెడదామన్నాడు.

"రిటైరైనా మీకు క్వాలిటీ ఆడిట్ పోలేదన్నా" అన్నాడు ఆఖర్న.

పాస్టరు గారికి చేశాను. ఆయన నొచ్చుకున్నారు గానీ, సంఘం కోసం అంత కష్టపడే మనిషి మనసు నొప్పించవద్దని నాకే చెప్పారు. ఆమెకు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆ కాఫీ అలాగే చల్లారిపోయింది. నా భార్య నా పక్కనే కూర్చుని ఆ వీడియో మొత్తం చూసింది, అందులో నా గొంతు కూడా విన్నది.

సోమవారం ఉదయం ఆమె రాలేదు. నేనే డ్రైవ్ చేసుకుంటూ ఆమె అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. కారు పార్క్ చేస్తుండగా సంఘపెద్ద మెసేజ్ వచ్చింది: "తీసేశాను. ఇక సంతోషమా అన్నా?"

ఆమె గొలుసు తీయకుండానే తలుపు కొంచెం తెరిచింది. ఏడవడం లేదు. రాత్రే హోండురాస్‌లో పక్కింటివాళ్లు ఆ వీడియో అక్కకు చూపించారట. తెల్లవారకముందే అక్క పిల్లను తీసుకుని ఇల్లు విడిచిపోయింది. ఎటు వెళ్లిందో తెలియదు, ఇంకా ఫోన్ రాలేదు. వీడియో తీసేశారని చెప్పాను. ఆ మాట నాకే చిన్నగా వినిపించింది. నా స్నేహితుడు నాకు మాటిచ్చాడని కూడా చెప్పాను.

"అతను నాకు ఇవ్వలేదు సార్," అన్నది. "నాకు ఇచ్చింది మీరు."

ఇక మా సంఘం నుంచి ఉత్తరాలు ఏవీ వద్దన్నది. విచారణకు నన్ను కూడా రావద్దన్నది. ఇంతలో లోపల ఫోన్ మోగింది. ఆమె తలుపు వేసేసింది. నేను వరండాలోనే నిలబడ్డాను. లోపల స్పానిష్‌లో గబగబా మాటలు, మధ్యలో నిశ్శబ్దం, మళ్లీ మాటలు. అది ఏ వార్తో నాకు తెలియలేదు.

చాలాసేపటికి తలుపు వెనక నుంచే అన్నది: "అక్క చేసింది. ఇద్దరూ బతికే ఉన్నారు. మీరు వెళ్లండి సార్."