పుర్రచేతి రీల్

మస్కట్‌లోని హమ్రియాలో చిన్నప్పుడు మేమున్న గదికి ఒకటే కిటికీ... ఎదురుగా గోడ, గోడ నిండా ఏసీ డబ్బాలు, వాటి కింద బొట్లు బొట్లుగా కారే నీళ్లు. బడి నుంచి వచ్చాక బాపు డ్యూటీ దిగేదాకా ఆ కిటికీ దగ్గరే కూచునేదాన్ని.

తొంభైల మొదట్లో మాట. నాది ఐదో తరగతి. అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలు... జగిత్యాల దగ్గర మా ఊళ్లో నాయనమ్మ, పిల్లను నా దగ్గరే ఉంచమంటే బాపు వినలేదు. వీసా తీసి నన్ను మస్కట్ తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాక నాతో ఏం మాట్లాడాలో ఆయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

బాపు ఒక కంపెనీలో ఏసీ మెకానిక్కు. తెల్లవారకముందే అన్నం వండి, నా టిఫిను గిన్నెలో సర్ది, వ్యాన్ ఎక్కేవాడు. సాయంత్రం వచ్చి "తిన్నవా బిడ్డా" అనేవాడు. "తిన్న" అనేదాన్ని. ఆ రోజుకు మా మాటలు అంతే...

అమ్మ ఊసు మా గదిలో ఎవరం ఎత్తేవాళ్లం కాదు.

శుక్రవారం ఒక్కరోజే ఆయనకు సెలవు. మత్రాలో సముద్రం గోడ మీదికి తీసుకెళ్లేవాడు. ఖాళీ నీళ్ల సీసాకు నైలాన్ దారం చుట్టుకుని, కొసకు గాలం, సీసం గుండు కట్టి విసిరేవాడు. నా చేతికిస్తే అది నా కాళ్ల దగ్గరే పడేది. రెండు మూడు వారాలు చూసి, నేను సముద్రానికి వీపు పెట్టి కూచోవడం మొదలుపెట్టాను.

అలా కూచున్న ఒక శుక్రవారం సాయంత్రం బాపు దారం చుట్టేసి లేచాడు.

"నడువ్ బిడ్డా, రూవి పోదాం."

నేను లేచి వెనకే నడిచాను.

రూవిలో వలలు, పడవ తాళ్లు అమ్మే ఇరుకు దుకాణం అది. కౌంటర్ వెనక అన్వర్ భాయ్... వరంగల్ ఆయన. మా మాట చెవిన పడగానే తెలుగులోకి దిగాడు. అద్దాల బీరువాలో గాలం దారం చుట్టే రీళ్లు వరుసగా ఉన్నాయి. బాపు చూపు తిన్నగా అన్నిటికంటే పెద్దదాని మీదికి పోయింది. బంగారు రంగు అంచు, లావుపాటి పిడి...

"గది పడవల మీద పొయ్యేటోళ్లకు అన్నా. చేపలు పట్టేది ఎవరు?"

"నా బిడ్డ."

అన్వర్ భాయ్ నా మణికట్టు చూసి, పెద్దదాన్ని లోపల పెట్టేసి, పిడికిలంత రీళ్లు రెండు తీశాడు.

"గోడ పొంటి తిరిగేటివి చిన్న చేపలు. సన్న దారం చాలు. పెద్ద రీల్ పెడితే ఆ బరువుకు చేప ముట్టింది గూడ చేతికి తెల్వది."

మొదటిదాన్ని గాలం కర్రకు బిగించి, ముందున్న మర వదులు చేసి, దారం కొస నా చేతికిచ్చి లాగమన్నాడు. అది ఆగి ఆగి వచ్చింది.

"ఇట్ల జర్కులు గొడితే దారం తెగుతది" అని పక్కన పెట్టేశాడు.

రెండోదాని దారం లాగితే ఎక్కడా ఆగకుండా వచ్చింది. కర్రను ఒక్క వేలి మీద నిలబెట్టి చూపించాడు, ముందుకూ వెనక్కూ వాలలేదు. బాపు ఆ రీల్‌ను చెవి దగ్గర పెట్టుకుని, మోటారు విన్నట్టే కళ్లు మూసుకుని తిప్పాడు.

"గరగర లేదు" అన్నాడు. "నువ్వు పట్టు బిడ్డా."

నేను ఎడమ చేత్తో కర్ర పట్టుకున్నాను. తిప్పే పిడి కూడా ఎడమవైపే ఉంది... కుడిచెయ్యి దానికి అందక తడబడ్డాను. వెంటనే కర్రను కుడిచేతిలోకి మార్చుకున్నాను. ఎడమ చెయ్యి వాడితే నాయనమ్మ వేళ్ల మీద కొట్టేది మరి.

అన్వర్ భాయ్ చూశాడు. "పాపది పుర్రచెయ్యా?"

నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

"అవ్" అన్నాడు బాపు. "వాళ్లమ్మది గూడ పుర్రచెయ్యే."

ఏడు నెలల్లో మొదటిసారి... ఆ మాట అన్నాక ఆయన అద్దాల బీరువా వైపు తిరిగి నిలబడిపోయాడు. అన్వర్ భాయ్ కర్ర తన చేతిలోకి తీసుకున్నాడు. రీల్ పక్కనున్న మర విప్పి, పిడి ఊడదీసి, కుడివైపు బిగించి నాకిచ్చాడు.

"అయిపాయె. గిప్పుడు పట్టు, తల్లీ."

సరిగ్గా సరిపోయింది.

దుకాణం బయటికి వచ్చాక చాలా దూరం నడిచి, ధైర్యం చేసి అడిగాను. "బాపూ, అమ్మ ఎడమ చేత్తోనే రాసేదా?"

"రాసుడే గాదు... కోత గూడ గదే చేత్తోని. అందరి కొడవలి ఆమెకు పనికి రాకపోయేది. మీ తాత కమ్మరాయనతోని వేరే చేపిచ్చిండు. పెళ్లయినంక అది గూడ వెంట తెచ్చుకుంది. మా అమ్మ ఒకటే నవ్వు..."

హమ్రియా దాకా చెబుతూనే ఉన్నాడు. ఇంటికి వచ్చినా మాట పూర్తి కాలేదని మెట్ల దగ్గరే నిలబడ్డాం. చెబుతూ చెబుతూ ఆయన ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. ఇద్దరం కలిసి ఏడవడం అదే మొదలు.

మరుసటి శుక్రవారం మొదటి చేప పడింది. రీల్ కిర్రుమని దారం వదులుతుంటే నేను భయపడి లాగబోయాను. "గుంజకు... పోనీ... అలిసిపోనీ" అంటూ బాపు నా వెనకే నిలబడ్డాడు. అరచేయంత వెండి రంగు చేప. పెనం మీద వేయించాడు, సగం మాడింది.

అలా ఒక్క ఏడాదే... తర్వాత కంపెనీ ఆయన్ని వెయ్యి కిలోమీటర్ల దూరంలోని సలాలా సైట్‌కు పంపింది. అక్కడ రూమ్‌లన్నీ మగవాళ్లవే. నన్ను కరీంనగర్ హాస్టల్లో చేర్చాడు. అక్కడ ఆయన ఒక్కడే, ఇక్కడ నేను ఒక్కదాన్నే. ఉత్తరాలు వచ్చేవి... మొదటి సగం చేపల గురించి, మిగతా సగం అమ్మ గురించి. రెండో ఏడు, తన వెంట తీసుకుపోయిన రీల్ ఉప్పుకు బిగుసుకుపోయిందని రాశాడు. బాగు చేశాడో లేదో నేను అడగలేదు. బాపు పోయి ఇప్పుడు నాలుగేళ్లు.

ఈ రోజుల్లో ఏ వస్తువైనా ఫోన్లో నొక్కితే గుమ్మం ముందుకు వస్తుంది. ఒక చిన్న వస్తువు కోసం కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడే పని లేదు... ఆ గంటలో నోరు జారే మాటలూ లేవు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు, పోయినవాళ్ల గురించి మొదటిసారి నోరు విప్పింది ఎక్కడ? బస్సులోనా, పొయ్యి దగ్గరా? రాయండి... నాకు తీరికే, ప్రతి ఒక్కటీ చదువుతాను.