టిక్కు పెట్టని లెక్క

ఇంటర్ రెండో ఏడు తిరుపతిలో చదివాను. మా కాలేజీలో వారం వారం పరీక్ష పెట్టి, మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవాళ్లు. ఎంసెట్ స్పెషల్ క్లాసులు అన్నిటికన్నా పైదైన 'ఎ' సెక్షన్‌కే. అక్కడ చివరి బెంచీ నాది. డైరీలో తప్ప ఎక్కడా నోరు విప్పేదాన్ని కాదు. అటెండెన్స్‌కు కూడా చెయ్యెత్తి ఊరుకునేదాన్ని.

లెక్కల సారు నేర్పింది ఒకటే. సమీకరణాన్ని సాధిస్తూ కూర్చోవద్దు. ఇచ్చిన నాలుగు జవాబులను ఒక్కొక్కటే అందులో పెట్టి చూడు, సరిపోయినదానికి టిక్కు కొట్టు. నాకది ఎవరో వండిపెట్టిన నాలుగు గిన్నెల్లో వేలు ముంచి రుచి చూడటంలా ఉండేది.

లైబ్రరీలో, అట్ట ఊడిన పుస్తకంలో, మన దేశపు పాతకాలం గణితవేత్త ఒకాయన వర్గ సమీకరణాన్ని సాధించే పద్ధతి దొరికింది. ఎక్స్ లేని అంకెను కుడివైపుకు పంపి, ఎక్స్ స్క్వేర్ ముందున్న అంకెకు నాలుగింతలతో అంతటినీ గుణించాలి. ఎక్స్ ముందున్న అంకె వర్గాన్ని రెండువైపులా కలపాలి. అప్పుడు ఎడమవైపంతా ఒకే వర్గంగా ముడుచుకుంటుంది. మేం సుప్రభాతంలా వల్లించే సూత్రం ఎక్కణ్ణుంచి పుట్టిందో ఆ రోజు కళ్లారా చూశాను.

ఇక ప్రతి లెక్కా అట్లే చేసేదాన్ని. టైము చాలేది కాదు. "నాలుగింతలమ్మ వచ్చె, జరగండి మే!" అని పిల్లలు నవ్వేవాళ్లు.

ఒక వారం పేపర్లో 2x² − 7x + 3 = 0 ఇచ్చారు. నాకు 3, ½ వచ్చాయి. ఇచ్చిన నాలుగింటిలో అవి లేవు. రెండోది −3, −½. ఏదీ సరిపోకపోయినా, అంకెలు అవే, గుర్తే కదా తేడా అని క్లాసంతా దానికే టిక్కు కొట్టింది. నేను టిక్కు పెట్టకుండా పక్కన నా జవాబు రాశాను. సున్నా పడింది. ఆ ఒక్క మార్కు తక్కువై నా పేరు బి సెక్షన్‌కు జారింది.

సారు నా పేపరు పైకెత్తాడు. "ఏమ్మా, టిక్కు యాడ?"

"రెండోది తప్పు సార్."

"కీలో అదే ఉండాది. ఇంతమందీ తప్పు, నువ్వొక్కదానివే కరెక్టా?"

"దాన్ని పెట్టి చూడండి సార్. మీరు చెప్పినట్లే."

సారు బోర్డు మీద −3 పెట్టి చూశాడు. పద్దెనిమిది, ఇరవై ఒకటి, మూడు. సున్నా రావాల్సిన చోట నలభై రెండు వచ్చింది.

"ప్లస్సు పడాల్సిన కాడ మైనస్ పడినట్లుండాది," అంటూ డస్టర్‌తో తుడిచేశాడు. పేపరు తెచ్చి నా ముందు పెట్టాడు. "అందరివీ మళ్లీ యాడ దిద్దేది? రెండోదానికి టిక్కు పెట్టిచ్చేయ్. మార్కు ఏస్తా, ఈడనే ఉందువు."

పక్కపిల్ల మోచేత్తో పొడిచింది. "ఒక్క టిక్కే గదా మే. పెన్ను ఇయ్యాల్నా?"

ఏం చెప్పినా తల ఊపే పిల్లనని సారుకు తెలుసు. ఆ రోజు ఊపలేదు.

"తప్పుకు టిక్కు పెట్టను సార్."

"అయితే బికి పో."

సంచీ తీసుకుని మెట్లు దిగాను. బి సెక్షన్‌లో కిటికీ పక్కన చోటు దొరికింది. కూర్చోగానే అదే లెక్క మళ్లీ మొదలుపెట్టాను. ఎనిమిదితో గుణించాను, నలభై తొమ్మిది కలిపాను.

మూడు, అర. మళ్లీ అవే వచ్చాయి.