బావ సెల్‌ఫోనులో దాచిన అంచు

మా బావ పోయాడని ధర్మవరం నుంచి అక్క కబురు చేసింది. పొద్దున ఇడ్లీ తిని, చేయి కడుక్కుంటూ అలాగే గోడకు ఆనుకున్నాడట. బతికినన్నాళ్లూ దేనికో ఒకదానికి భయపడిన మనిషి, చివరికి భయపడే వ్యవధి కూడా లేకుండా వెళ్లిపోయాడు.

బావ పట్టుచీరల అంచులకు కంప్యూటరులో డిజైన్లు గీసేవాడు. మధ్యలోనే బడి మానేసిన నన్ను ఆ యంత్రం ముందు కూర్చోబెట్టి, "కరవదులే, ముట్టుకో" అన్నదీ ఆయనే. కొత్త అంచు బయటికి పొక్కిందంటే పక్కవీధి మగ్గం మీద ముందే దిగుతుంది. అందుకని, సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో, డిజైన్లను ఎవరికీ అర్థంకాని గజిబిజిగా మార్చి దాచే అప్లికేషన్ ఒకటి ఎక్కించుకున్నాడు. దాన్ని విప్పే తాళంచెవీ ఫోనులోనే. ఆ తాళంచెవికి కాపలా ఒక పొడుగాటి వాక్యం. అది అక్కకు కూడా చెప్పలేదు.

"బీరువా తాళాలు యాడ పెట్టినాడో తెలీదు, దీనికి మాత్రం ఇంత కాపలా!" అనేది అక్క.

"బీరువాలో ఉండేది మనది. ఈడ ఉండేది ఊరోళ్లది."

ఒకసారి, డిజైనును మగ్గానికి ఎక్కించే జకార్డు అట్టలకు చిల్లులు కొట్టించడానికి ఇద్దరం హిందూపురం బయలుదేరాం. ఆ అంచు, భర్త పోయాక ఒక్క మగ్గాన్నే నమ్ముకున్న ఒకావిడది. "ఇది ఇంకోళ్ల మగ్గం ముందెక్కితే నా మగ్గం దించేయాల్సిందే అన్నా" అని చెప్పి పంపింది. దారిలో ఆ డిజైను ఒకసారి చూసుకుందామంటే, బస్సు కుదుపులకు, ఫోను చిన్న మీటల మీద వాక్యం ఎంత కొట్టినా తప్పే పడింది. చివరికి అప్లికేషన్ తెరుచుకుని, "గుర్తుపెట్టుకోమంటావా?" అని అడిగింది. విసుగులో అవునని నొక్కాడు. ఇక ఫోను ఆపేదాకా అది వాక్యం అడగదు. ఎవరి చేతికైనా విప్పుతుంది.

పెనుకొండలో టీకి దిగాం. ఆ టీ గురించి వేరే రాయాలి. నీళ్లకు పాలను దూరం నుంచి చూపించేవారు. గ్లాసు సగంలో ఉండగానే బస్సు కదిలిపోయింది. ఫోను సీటు మీదే ఉంది.

"తాళం వేసిందే కదా బావా!"

"తాళం యాడిదబ్బా! చెవి దానికే పెట్టి వచ్చినా."

"టెలిఫోను బూతు నుంచి మోగిస్తా ఉండు."

"మోగించొద్దు! ఎవడన్నా చేతికి తీసుకుంటాడు" అని నా చొక్కా పట్టుకున్నాడు.

వెనక బస్సు పట్టుకుని హిందూపురం చేరేసరికి, ముందు బస్సు కండక్టరు నవ్వుతూ ఫోను చేతిలో పెట్టాడు. "పక్క సీటాయన ఇచ్చిపోయినాడప్పా. మంచోడు. సోమందేపల్లి కాణ్ణుంచి ఊరికే నొక్కి నొక్కి చూస్తాండె."

బావ ముందు ఫోను ఆపాడు. అట్టలు కొట్టించుకుని తిరిగొచ్చి, జరిగిందంతా ఆవిడకు చెప్పాడు. "అయితే తొందరగా నేస్తా" అంది ఆవిడ. నేసింది. ఆ అంచు చీర ముందుగా ఆవిడ మగ్గం మీదే నేత పూర్తయింది, అమ్ముడుపోయింది కూడా.

"ఇంకేమి భయం బావా?" అన్నాను.

"ఫోనును ఆపితే మరిచిపోతాది. చూసినోణ్ణి యాడ ఆపేది?"

ఆ తర్వాత ఎన్నేళ్లయినా ఆయనతో ధర్మవరం బజారులో నడవడం కష్టమే. ప్రతి చీరల అంగడి ముందూ ఆగేవాడు. అక్క ముందుకు పోయి పిలుస్తుంటే, ఆయన అద్దానికి నుదురు ఆనించి, లోపల వేలాడే చీరల అంచులను ఒక్కొక్కటే చూస్తుండేవాడు. ఆయన ఊపిరికి అద్దం మసకబారేది. చేత్తో తుడిచి మళ్లీ చూసేవాడు.