నలుపు మీద నలుపు

మా వీధిలో చివరి ఇల్లు జిలేన్‌ది. దాని వెనక ఊరు లేదు. గని తవ్వి పోసిన నల్లమట్టి దిబ్బ ఉంది. గనులు మూతపడ్డాక దాని మీద బర్చ్ చెట్లు వాటంతట అవే మొలిచాయి. వాన పడే మధ్యాహ్నాల్లో ఆ తెల్లని బోదెలు ఎవరో పలక మీద గీసి చెరపడం మరిచిన గీతల్లా ఉంటాయి. ఆ దిబ్బ కనపడే వంటింటి కిటికీ పక్కన బల్ల వేసుకుని జిలేన్ బొమ్మల కథలకు రంగులు వేసేది.

ఈ దేశపు పిల్లలు దిండు కింద దాచుకుని చదివిన పుస్తకాలవి. అట్ట మీద బొమ్మ గీసినవాడి పేరు ఉండేది, కథ రాసినవాడి పేరు ఉండేది. జిలేన్ పేరు ఉండేది కాదు.

"ఆకాశం మీద ఎవరైనా సంతకం పెట్టారా? నువ్వూ అంతేలేవే," అనేవాడు ఆమె భర్త డెజిరే. గనిలో పనిచేసి ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడి తెచ్చుకున్న మనిషి. దగ్గుకీ దగ్గుకీ మధ్య సందు చూసుకుని హాస్యాలాడేవాడు.

జిలేన్ పదిహేనో ఏట గనిలో గ్యాస్ పేలి తండ్రి ఆగుస్త్ పోయాడు. రొట్టె తెచ్చే చెయ్యి పోయింది కనుక పిల్ల బడి మానేసి, దగ్గరి పట్నం చార్లెరోయిలో ఒక బొమ్మల వారపత్రిక పనిశాలలో చేరింది. మొదట బ్రష్షులు కడిగింది. తర్వాత గడ్డికి ఆకుపచ్చ వెయ్యనిచ్చారు. తర్వాత సాయంకాలాలు ఇచ్చారు. ఆమె వేసిన దీపపు వెలుగు కాగితం మీద పెట్టిన వెచ్చని చెయ్యిలా ఉండేది. అందుకే పెళ్ళయి ఇంటి దగ్గర కూర్చున్నా పని ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

ఆ పనికొక పద్ధతి ఉంది. బొమ్మ గీసేవాడి నల్లగీతను పారదర్శకమైన ఫిల్మ్ మీదికి తీస్తారు. అదే బొమ్మను లేత నీలిగీతలతో దళసరి కాగితం మీద అచ్చువేసి రంగులు వేసేవాళ్ళకి ఇస్తారు. ఆ నీలిగీతల మధ్య రంగు నింపి, పైన ఫిల్మ్ పరిచి సరిచూసుకోవాలి. అచ్చులో రంగు కింద, గీత పైన. రంగు వేసే మనిషికి గీతను మార్చే హక్కు లేదు. మార్చాలన్నా కుదరదు.

జిలేన్‌కి ఇంకో అలవాటు ఉండేది. రంగు తెలియకపోతే ఊహించేది కాదు, వెళ్ళి అడిగేది. పాత ట్రాములో సీట్లు ఏ రంగు, ఫలానా ఏడు తపాలా మనిషి టోపీకి ఏ పట్టీ, కాన్వెంటు వంటింటి తలుపు నీలమా బూడిదా అని ముసలివాళ్ళ తలుపులు తట్టేది.

"పోలీసోళ్ళు కూడా ఇన్ని అడగరు," అనేవాడు డెజిరే. "పాపం ఆ తపాలా వాడు చచ్చి కూడా నీ చేతిలో విశ్రాంతి ఎరగడు."

గనులు మూతపడి కొన్నేళ్ళయ్యాక ఫెర్నాన్ ఒక పెద్ద పుస్తకం తలపెట్టాడు. జిలేన్ చాలాకాలంగా ఎవరి బొమ్మలకి రంగులు వేస్తోందో ఆ చిత్రకారుడే. అతని తాత కూడా గనిలో పనిచేసినవాడే. మా ఊరి పేలుడు కథంతా బొమ్మల్లో చెప్పాలని అతని కోరిక. ఒక ఉదయం పేజీల కట్ట తెచ్చి, అన్నిటి కింద నుంచి ఒకటి తీసి బల్ల మీద పరిచాడు.

పేజీ నిండా ఒకే బొమ్మ. గని గేటు, వాన, ఇనపకమ్ముల ముందు ఒక యువతి. తలగుడ్డ జారింది, కళ్ళు మూసుకుపోయాయి, నోరు పూర్తిగా తెరుచుకుంది. ఆమె పక్కన, అంచులో, ఇంకో స్త్రీ వీపు మాత్రం. ఆ బొమ్మ ఎక్కడిదో మా ఊళ్ళో అందరికీ తెలుసు. పేలుడు రోజుల్లో రాజధాని బ్రస్సెల్స్ నుంచి వచ్చిన పత్రికవాడు తీసిన ఫోటో. అందులో ఉన్నది మా వీధి మలుపులో ఉండే ఎర్మెలిందా. అంచులో ఉన్న వీపు జిలేన్ తల్లిది.

"దీనికి నీ పసుపు కావాలి," అన్నాడు ఫెర్నాన్. "గేటు మీది దీపం వెలుగు ఆ మొహం మీద పడాలి. చూసినవాడు పేజీ తిప్పలేకపోవాలి. అట్ట మీద కూడా ఇదే వేస్తున్నారు."

"బాగా గీశావు," అంది జిలేన్, మనస్ఫూర్తిగానే.

ఫోటో నలుపు తెలుపు. తలగుడ్డ రంగు తెలియదు. కనుక మర్నాడు ఆమె కాగితం చుట్ట చంకన పెట్టుకుని ఎర్మెలిందా ఇంటికి వెళ్ళింది.

ఎర్మెలిందా ఇటలీ కొండల్లోంచి కొత్త పెళ్ళికూతురుగా వచ్చింది. గనిలో పని ఇస్తామంటే భర్త రొక్కో తీసుకొచ్చాడు. మొదట్లో మావాళ్ళు వాళ్ళని వాళ్ళ తిండి పేరుతో మాకరోనీలని ఏడిపించారు. ఆ ఫోటో పత్రికలో వచ్చాక ఎవరూ ఏడిపించలేదు. ఆమె దారిన పోతుంటే టోపీలు తీసేవారు.

జిలేన్ వెళ్ళేసరికి ఆమె ఒడిలో గిన్నె పెట్టుకుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది.

"పిన్నీ, ఒకటి అడగాలి. గేటు దగ్గర, ఆ ఫోటో రోజు, నీ తలగుడ్డ ఏ రంగు?"

ఎర్మెలిందా చేతులు ఆగాయి.

"ఆకుపచ్చ," అంది. "మా ఊరి సంతలో రొక్కో కొన్నాడు. ఏం, ఎందుకు? ఏదీ, చూపించు."

జిలేన్ కాగితం విప్పి పట్టుకుంది. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చూసింది.

"అబ్బో, ఎంత పని చేశాడు! పళ్ళు కూడా ఒక్కొక్కటీ గీశాడు. బాగా ఏడుస్తున్నానా?"

"చూసినవాళ్ళకి గుండె పట్టేస్తుంది పిన్నీ."

"నేను ఏడవట్లేదు పిల్లా. నవ్వుతున్నాను."

జిలేన్ ఏదో వేళాకోళం అనుకుంది. ఎర్మెలిందా గిన్నె పక్కన పెట్టింది.

"ఒక్కొక్కళ్ళ పేరే పిలుస్తున్నారు. పేరు పిలిస్తే పోయినట్టు. నేనూ మీ అమ్మా పక్కపక్కన నిలబడ్డాం, చలికి ఒకే శాలువా కప్పుకుని. ఇంక ఒక్క పేరే, మిగతావి రేపు అన్నాడు ఆ మేస్త్రీ. మీ నాన్న పేరు పిలిచాడు. రొక్కో పేరు కాదు. నా కడుపులోంచి తన్నుకొచ్చింది, నేను ఆపలేకపోయాను. నోరంతా తెరిచి నవ్వాను. మీ అమ్మ ఒరిగిపోతుంటే నవ్వాను. నువ్వు మీ అమ్మని పట్టుకునే హడావిడిలో ఉన్నావు, నన్ను చూడలేదు. ఆ కెమెరావాడు చూశాడు."

వంటింట్లో కెటిల్ మూత కొట్టుకుంటోంది. ఇద్దరూ లేవలేదు.

"రెండ్రోజులకి రొక్కోని కూడా పైకి తెచ్చారు. ఆ మర్నాడే పేపర్లో ఆ ఫోటో. 'విధవ శోకం' అని రాశారు. అది చూసి ఫాదర్లు ఏడ్చారు, యూనియన్ వాళ్ళు ఏడ్చారు. ఒక బిషప్ నా చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. చెప్పడానికి నోరు రాలేదు. ఇన్నేళ్ళలో రంగు అడిగినదానివి నువ్వొక్కదానివే."

జిలేన్ కాగితం చుట్టడం మొదలుపెట్టింది. చుట్ట వంకరగా వచ్చింది.

"ఇంకెవరైనా ముస్తాబు చేస్తే చేసుకోనీ," అంది ఎర్మెలిందా. "ఆ మొహానికి నువ్వు మాత్రం వెలుగు పుయ్యకు. నీ చేత్తో వద్దు."

జిలేన్ గొడుగు అక్కడే మరిచిపోయి వానలో ఇంటికి వచ్చింది. డెజిరే ఏమైందని అడిగితే తలనొప్పి అంది. తర్వాత ఫెర్నాన్‌కి ఫోన్ చేసింది.

"ఆ పేజీ తీసెయ్."

"మతి పోయిందా? ఆ పేజీ కోసమే పుస్తకం."

"ఎర్మెలిందాకి ఇష్టం లేదు."

"ఆ ఫోటో ఎప్పుడో లోకం సొత్తయిపోయింది జిలేన్. సరే, ఎందుకు ఇష్టం లేదో చెప్పు. న్యాయమైతే వింటాను."

చెప్పవచ్చు. అతను వింటాడని ఆమెకు తెలుసు. మంచివాడు, అదే చిక్కు. నిజం తెలిస్తే కళ్ళు తుడుచుకుంటాడు. ఆ మీదట దానితో ఇంకా గొప్ప పేజీ గీస్తాడు. పక్కవాడి చావు విని నవ్విన స్త్రీ. లోకం ఇంకా వంగి ఇంకా దగ్గరగా చూస్తుంది.

"కారణం ఏం లేదు," అని ఫోన్ పెట్టేసింది.

కాగితం కిటికీ కింద పరిచి చాలాసేపు కూర్చుంది. నీలిగీతల ముఖం ఇంకా రంగు పడని చలికాలపు నీరులా ఉంది. ఇన్నేళ్ళుగా ఆ ముఖాన్ని గోడల మీదా పోస్టర్ల మీదా చూసినప్పుడల్లా, 'మా నాన్న కోసం కూడా ఏడ్చిన మనిషి' అనుకుంది ఆమె. చిన్నప్పుడు ఆ పత్రిక ముక్కను కత్తిరించి ప్రార్థన పుస్తకంలో దాచుకుంది.

బ్రష్ తీసి నల్లరంగులో ముంచింది. వాననీ కమ్ములనీ బూడిదరంగులో వదిలేసింది. అంచున తల్లి వీపు మీద, భుజం వాలిన చోట, కొంచెం వెలుగు పెట్టింది. గేటు ముందు నిలబడ్డ యువతిని, తలగుడ్డ నుంచి చెప్పుల దాకా, నలుపుతో పూడ్చేసింది. ఆరాక ఇంకో పూత వేసింది.

వారం తిరిగేసరికి ఫెర్నాన్ పేజీల కోసం వచ్చాడు. ఆ కాగితం చూశాడు. ఫిల్మ్ తీసి దాని మీద పరిచాడు. నల్లరంగు మీద నల్లగీత. ఏమీ లేదు. ఫిల్మ్ ఎత్తి కిటికీకి అడ్డంగా పట్టుకున్నాడు. ముఖం గాలిలో, బర్చ్ చెట్ల మధ్య, నోరు తెరుచుకుని వేలాడింది. మళ్ళీ కాగితం మీద దించాడు. మునిగిపోయింది.

"మొహం ఏది?"

"ఫిల్మ్ మీదుంది. నీ గీత నేను ముట్టుకోలేదు."

"ముట్టుకోకుండా చంపావు. ఆవిడ మీద కక్షా, నా మీదా?"

"నీ మీద ఏం లేదు ఫెర్నాన్."

"మా తాత కోసం గీశాను ఈ పుస్తకం. తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి ఒక్క మాట చెప్పవే! ఇన్నేళ్ళు కలిసి పనిచేశాం."

ఆమె బ్రష్షులు కడిగిన నీళ్ళు తీసుకెళ్ళి పారబోసింది. అతను ఫిల్ములన్నీ సర్దుకున్నాడు. ఆ నల్ల కాగితం ఒక్కటే బల్ల మీద వదిలేశాడు.

"రంగు ఇంకెవరైనా వేస్తారు," అన్నాడు. "ఇక ఎప్పటికీ వాళ్ళే వేస్తారు."

"కాఫీ తాగి పో నాయనా," అన్నాడు డెజిరే కుర్చీలోంచి దగ్గుతూ. "ఉద్యోగం పీకేసినవాడికి కూడా ఈ ఇంట్లో కాఫీ పోస్తాం. చక్కెర మాత్రం నువ్వే వేసుకో."

ఫెర్నాన్ తాగకుండానే వెళ్ళాడు.

ఆకులు రాలే కాలానికి పుస్తకం వచ్చింది. అట్ట మీద ఎర్మెలిందా బంగారు వెలుగులో తడిసి నిలబడింది. తలగుడ్డ ఎర్రగా ఉంది. రైల్వే స్టేషనులో, పుస్తకాల కొట్టు అద్దంలో, మునిసిపాలిటీ గోడ మీద ఆ ముఖం మనిషంత ఎత్తున వెలిగింది. టీచర్లు పిల్లల్ని వరసగా తీసుకొచ్చి చూపించారు. ఎర్మెలిందా రొట్టెల కొట్టుకి చుట్టుదారిన పోవడం మొదలుపెట్టింది.

జిలేన్‌కి పత్రికల నుంచి పని రాలేదు. చాక్లెట్ డబ్బాల మూతల మీద గులాబీలు వేసింది. గులాబీలు ఎవరినీ అడగక్కర్లేదు. చలికాలం నడుమ డెజిరే పోయాడు. చివరి రోజుల్లో అతనికి దగ్గడానికి కూడా ఊపిరి చాల్లేదు.

అంత్యక్రియలయిన కొద్దిరోజులకి ఎర్మెలిందా వచ్చింది. ఒక చేతిలో చక్కెర టార్ట్, ఇంకో చేతిలో ఆ పుస్తకం. అప్పటిదాకా ఇద్దరూ వీధిలో ఎదురుపడితే తల ఊపుకోవడమే. టార్ట్ కోసి, కాఫీ పోసుకుని, ఆమె పుస్తకం మధ్య పేజీ తెరిచింది.

"నాకు వీటి సంగతి తెలీదు. నువ్వు చెప్పు. బాగుందా ఇది?"

జిలేన్ చూసింది. వెలుగు నుదుటి మీంచి చెంప మీదికి జారి, తడి కమ్ముల మీద చిట్లిపోయింది.

"చాలా బాగుంది."

"నువ్వు వేసుంటే?"

"ఇంత బాగా వచ్చేది కాదేమో."

ఎర్మెలిందా తల ఊపింది. తర్వాత, పుస్తకం మూస్తూ అడిగింది.

"ఫెర్నాన్ ఊరంతా చెప్తున్నాడు, నా మొహం మీద నలుపు పోశావంట. కోపంతోనా, జాలితోనా?"

"మొదటి పూత కోపంతో," అంది జిలేన్.

"రెండోది?"

"ఏమో పిన్నీ. అప్పటికి చెయ్యి నొప్పి పుట్టింది."

ఎర్మెలిందా నవ్వబోయి ఆగింది. ఆమె ఇతరుల ఎదుట నవ్వడం మానేసి చాలా ఏళ్ళయిందని జిలేన్‌కి అప్పుడు తట్టింది.

"ఆ కాగితం పారేశావా?"

"ఉంది."

"నాకియ్యి."

ఆమె దాన్ని తీసుకెళ్ళి పొయ్యి పైన, ఇటలీ వాళ్ళు మరియమ్మ పటం పెట్టుకునే చోట, మేకు కొట్టి తగిలించింది. చూసినవాళ్ళు ఇదేంటి, మసి పట్టిన కిటికీయా అని అడిగేవారు. "నా ఫోటో," అనేది. ముసలితనం అనుకుని వాళ్ళు ఊరుకునేవారు.

పొయ్యి ఆవిరికి ఆ రంగు నిలవలేదు. రెండో చలికాలానికి నలుపు పెచ్చులు లేచింది. ఒక ఆదివారం జిలేన్ వెళ్ళేసరికి, నోరు ఉండవలసిన చోట పెచ్చు రాలి, లేత నీలిగీత ఒకటి బయటపడింది. ఎర్మెలిందా దానికి వీపు తిప్పి సూప్ కలుపుతోంది. ఆమె చూసిందో లేదో తెలియలేదు. జిలేన్ అడగలేదు. తిరిగి ఇంటికి వెళ్ళి, రంగు గిన్నె, బ్రష్ పట్టుకొచ్చింది. కుర్చీ లాక్కుని ఎక్కింది.

"కుర్చీ కాలు వదులుగా ఉంది, చూసుకో," అంది ఎర్మెలిందా, పొయ్యి మీంచి కళ్ళెత్తకుండా. కాసేపటికి గరిటె వదిలి వచ్చి, రెండు చేతులతో ఆ కుర్చీని పట్టుకుని నిలబడింది.