ప్రతి పేజీలోనూ ఎర్ర టిక్కు

ప్రూఫు పిన్ని అన్న పేరు అచ్చుయంత్రాల హోరు మధ్య పుట్టింది. ముప్ఫై రెండేళ్ళు ప్రెస్సులో కళ్ళల్లో వత్తులు వేసుకుని ప్రూఫులు దిద్దిన మనిషి. ఎవరైనా పెళ్ళి శుభలేఖ చేతిలో పెడితే, అందులో తప్పులు ఏరాకే శుభాకాంక్షలు చెప్పేది. జనానికి ఒళ్ళు మండేది. ఆవిడ లక్ష్యపెట్టేది కాదు.

పెళ్ళి చేసుకోలేదు. ప్రెస్సు మూతపడ్డాక, మందుల షాపులో పనిచేసే అక్క కూతురి దగ్గర చేరింది. మూడో అంతస్తులో రెండు గదుల వాటా. పిన్ని గదిలో మంచం పోను మిగిలిన చోటంతా పుస్తకాలే.

ఈ ఏడు కళ్ళు మొరాయించాయి. సన్నక్షరాల జోలికి పోవద్దని డాక్టరు తేల్చేశాడు. ఆ వారంలోనే అక్క కూతురు ఈ-రీడర్ కొనుక్కొచ్చింది.

"అక్షరాలు ఎంత పెద్దవి కావాలంటే అంత చేసుకోవచ్చు పిన్నీ. నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి తీసుకుంటారట."

పిన్ని దానికి పలక అని పేరు పెట్టి, అలమరలో పెట్టేసింది. తొమ్మిది రోజులు దాని మొహం చూడలేదు. కాగితం మీద మోజు చావలేదు కాబోలు అనుకుంది అక్క కూతురు. అసలు సంగతి అది కాదు. పిన్నికి భయం.

ప్రూఫు చదివేవాళ్ళకి ఒక పద్ధతుంది. పేజీ అయిపోగానే కింది మూల మెత్తటి ఎర్ర పెన్సిలుతో టిక్కు కొడతారు, ఏదీ వదిలిపోకుండా. సొంత పుస్తకాలకైనా పిన్నిది అదే అలవాటు. ఆర్నెల్ల కిందట, కొత్తదనుకుని తెరిచిన నవలలో సగం దాకా ఎర్ర టిక్కులు కనిపించాయి. కొట్టిన తీరు తనదే. కథ మాత్రం ఒక్క ముక్క గుర్తు లేదు. అప్పటినుంచి ఆవిడ తన బుర్రని నమ్మడం మానేసి టిక్కుల్ని నమ్ముతోంది. ఆ మాట ఎవరి చెవినీ వేయలేదు. కాగితం లేని పుస్తకంలో తను ఎక్కడుందో తనకి చెప్పేదెవరు?

పదో రోజు ఆదివారం. "సాయంత్రం లోపు ఏదో ఒకటి తేల్చు తల్లీ, షాపు మూసేస్తారు" అని, పేజీ తిప్పడం చూపించి, అక్క కూతురు కూరగాయలకి వెళ్ళింది.

పిన్ని పలక పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. అక్షరాలు కందిగింజలంత ఉన్నాయి. కళ్ళు మంటెత్తలేదు, నీరు కారలేదు. ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఇంతలో పొయ్యి మీది పాలు గుర్తొచ్చి లేచింది. పాలు దించి, మూత పెట్టి, తిరిగొచ్చి పలక అందుకుంది.

కింది మూల ఎర్ర టిక్కు ఉంది.

తర్వాతి పేజీ తిప్పింది. అక్కడా ఉంది. పది పేజీలు, యాభై పేజీలు, వేలు నొప్పెట్టేదాకా తిప్పింది. ఆఖరి పేజీకీ టిక్కే. పుస్తకమంతా చదివేసిందా? ఎప్పుడు? ఇవాళ ఆదివారమేనా? బయట ఎండ ఉంది గానీ, అది ఏ రోజు ఎండో ఎలా తెలుస్తుంది? పలకని దిండు కింద దాచి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

అక్క కూతురు సంచీ దించకుండానే, "ఏం తేల్చావు?" అంది.

"మొత్తం చదివేశానే. ఒక్క ముక్కా గుర్తు లేదు." పిన్ని పలక తీసి చూపించింది.

ఆ పిల్ల పేజీలు అటూ ఇటూ తిప్పి చూసి పగలబడి నవ్వింది. వేలు తడి చేసుకుని మూల మీద రుద్దింది. టిక్కు పోయింది.

"అద్దం మీద కొట్టావు పిన్నీ! పేజీ మారినా గీత అక్కడే ఉంటుంది కదా!"

పిన్ని కూడా నవ్వబోయింది. సగంలో ఆగిపోయింది.

"అది కొట్టిందెవరే?"

"ఎవరేంటి, నువ్వే! వేళ్ళు చూసుకో."

వేళ్ళకి ఎర్రరంగు అంటి ఉంది. ఆ టిక్కు కొట్టి గంట కూడా అయివుండదు. పిన్ని ఎంత వెతుక్కున్నా, పెన్సిలు పట్టుకున్న జ్ఞాపకమే దొరకలేదు. అక్క కూతురి మొహంలో నవ్వు ఆరిపోయింది.

"షాపుకి ఏం చెప్పను మరి?" అంది.

"పలక సంగతి తర్వాత. ముందు నన్నో డాక్టరుకి చూపించవే" అంది పిన్ని. "ఆర్నెల్లుగా భయంతో చస్తున్నాను."